పెద్దమ్మకి డబ్బింగ్ చెప్పిన రోజులు

కొరియా సీరియల్స్ పిచ్చి నాకు నలభై రెండో ఏట పట్టుకుంది. దాచుకోవడం దేనికి, ఉన్నమాట చెబుతున్నాను. బందరులో మా ఆఫీసులో పక్క సీటు అమ్మాయి అంటించింది. నాకంటే పదిహేనేళ్ళు చిన్నది. రంజాన్ ఉపవాసాల్లో ఆకలి తెలియకుండా ఉండటానికి చూస్తానక్కా అని ఫోన్ నా చేతిలో పెట్టింది. తీరా చూస్తే అందులో అందరూ ఎప్పుడు చూసినా తింటూనే ఉన్నారు. ఇది చూస్తూ ఉపవాసం ఎలా ఉంటున్నావే తల్లీ అంటే నవ్వింది. ఒక్క ఎపిసోడ్ చూసి ఇచ్చేద్దామనుకున్నాను. వారం తిరిగేసరికి పదహారూ అవగొట్టాను.

ఏం చూశావు అందులో అని మా ఆయన అడుగుతుంటాడు. ఏం చెప్పను? ఆ మంచు, ఆ గొడుగులు, ఒక చెయ్యి పట్టుకోవడానికి ఎనిమిది ఎపిసోడ్లు ఆగే ఆ ఓపిక. ఈయన పెళ్ళిచూపుల్లో కాఫీ గ్లాసు కింద పెట్టేలోపే సరే అనేసిన మనిషి. ఈయనకేం తెలుస్తుంది? నన్ను కొరియా కోడలని వెక్కిరిస్తాడు. వాళ్ళందరూ ఒకే మొహంతో ఉంటారు, ఎలా గుర్తుపడతావని కూడా అంటాడు. ఆ ఒక్క మాటకి మాత్రం నాకు ఒళ్ళు మండుతుంది. నేను హీరో అన్నయ్యని వెనకనుంచి నడక చూసి చెప్పగలను.

పోయిన ఏడు వానాకాలంలో మా పెద్దమ్మ వచ్చింది. మా అమ్మకి అక్క, డెబ్భై నాలుగేళ్ళు. నాగాయలంక పక్కన ఊరు, ఒంటిమనిషి. రెండు కళ్ళకీ శుక్లాలు తీయించాలని నేనే బలవంతం చేసి బందరు తీసుకొచ్చాను. ఆస్పత్రిలో నర్సు కాగితం నింపుతూ పిల్లలెంతమందండీ అని అడిగింది. పెద్దమ్మ తడుముకోకుండా, ఒక్కతేనమ్మా, ఊళ్ళో లేదు అంది. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాను.

ఆ ఒక్కతీ ఉప్పెనలో పోయింది. నేను పుట్టకముందు మాట. ఆరేళ్ళ పిల్ల. నిద్రలో ఉండగా ఇంటి కప్పు కూలి నీళ్ళు తీసుకుపోయాయని మా ఇంట్లో చెప్పుకుంటారు. శవం దొరకలేదు. పెదనాన్న బతికున్నన్నాళ్ళూ ఏదో ఒకటి చేద్దామే, దర్భలతో బొమ్మన్నా చేయించి కర్మ కానిద్దామని బతిమాలాడు. పెద్దమ్మ ఒప్పుకోలేదు. పిల్లని చూపించండి, చేస్తాను అనేది. ఏటా అది పుట్టిన నెల రాగానే ఒక ఏడు కలుపుకునేది. దానికి ఇరవై వచ్చాయి, దానికి నలభై వచ్చాయి అనేది. ఎవరం ఎదురు చెప్పేవాళ్ళం కాదు, మాకు అలవాటైపోయింది.

ఆపరేషన్ అయ్యాక మా ఇంట్లోనే నెలన్నర ఉంది. సాయంత్రం నేను ఆఫీసునుంచి రాగానే టీ పెట్టుకుని ఇద్దరం టీవీ ముందు కూర్చునేవాళ్ళం. వాళ్ళు మాట్లాడేది కొరియా భాష, కింద పడే అక్షరాలు ఇంగ్లీషు. పెద్దమ్మకి రెండూ రావు కాబట్టి నేను డబ్బింగ్ చెప్పేదాన్ని. ఉత్తినే చెప్పడం కాదు, గొంతులు మార్చి చెప్పేదాన్ని. విలన్ అత్తగారికి మా సూపరింటెండెంటు గారి గొంతు పెట్టాను. పెద్దమ్మ కళ్ళద్దాలు తీసి తుడుచుకునేంత నవ్వేది. వెనకాల తిరిగే జనం మాటలకి అక్షరాలు పడవు. వాళ్ళకి కూడా నేనే కల్పించేదాన్ని. చేపల బజారు కనిపిస్తే, పండుగప్ప లేదా, ఈ గురకలు ఎవడు తింటాడు అనేదాన్ని. నాకంత సరదాగా ఎప్పుడూ గడవలేదు.

పదిహేను రోజులయ్యాక పెద్దమ్మ, ఎనకమాల ఆవిడెవరే అని అడిగింది. తెర మీద హీరోయిన్ ఏడుస్తోంది. ఎక్కడ వెనకాల అంటే వేలు పెట్టి చూపించింది. బజారు చివర చేపల గంప ముందు ఒకావిడ కూర్చునుంది. సన్నగా, చెవుల దాకా కత్తిరించిన జుట్టు, యాభై దాటిన మనిషి. ఎవరో ఎక్స్‌ట్రాలే పెద్దమ్మా, కూలికొచ్చి నిలబడతారు అన్నాను. నాలుగు రోజుల తర్వాత వేరే సీరియల్. బస్టాపులో నిలబడ్డవాళ్ళలో, అదిగో మళ్ళీ ఆవిడే అంది. ఇంకో సీరియల్‌లో ఆస్పత్రి వరండా తుడుస్తోంది. ఆవిడే.

నేను నమ్మలేదని చెప్పను. మొహాలు గుర్తుపట్టడంలో నన్ను మించినవాళ్ళు లేరని గొప్పలు పోయేదాన్ని, నాకు తెలియదా? ఆవిడే. ఒకే ఎక్స్‌ట్రా మూడు సీరియల్స్‌లో ఉండటం వింతేమీ కాదని నాకు నేనే చెప్పుకున్నాను. కానీ మొదట బజారు చివరనున్న మనిషి, బస్టాపులో మధ్యకి వచ్చింది. వరండాలో హీరో భుజం పక్కనే తుడుస్తోంది. చేతిలో పని ఆగినప్పుడల్లా ఎడమ తొడకి చెయ్యి రుద్దుకుంటోంది. పెద్దమ్మ అది చూసి, మట్టిలో ఆడి అట్టాగే తుడుచుకునేది, ఎన్ని గౌన్లు పాడుచేసిందో అంది. ఎవరని నేను అడగలేదు. దానికిప్పుడు యాభై నాలుగు అని తనే అంది.

అప్పటినుంచి నా సీరియల్ నాకు కాకుండా పోయింది. హీరో హీరోయిన్ ఏమైపోతే నాకేం? నా కళ్ళు వెనకాల వెతికేవి. గుమ్మాల్లో, మెట్ల మీద, బస్సు కిటికీల్లో. కనపడకపోతే తోచేది కాదు, కనపడితే రిమోట్ కోసం తడుముకునేదాన్ని. పగలు ఆఫీసులో ఎవరన్నా నా సీటు వెనకనుంచి నడిచి వెళ్ళినా ఉలిక్కిపడేదాన్ని. నిజం చెబుతున్నాను, భయమేసింది.

ఒక ఆదివారం మధ్యాహ్నం, బయట వాన. ఆ ఎపిసోడ్‌లో వాళ్ళ తద్దినం వచ్చింది. పొట్టి బల్ల మీద అన్నం, చేపలు, పళ్ళు వరసగా పెట్టి, పోయినవాళ్ళ ఫోటో ముందు సాగిలపడి దండం పెడుతున్నారు. వచ్చేవాళ్ళ కోసం తలుపు కొంచెం తెరిచి ఉంచారు. ఇదేంటే అని పెద్దమ్మ అడిగింది. మన తద్దినం లాంటిదే పెద్దమ్మా, పోయినవాళ్ళు వచ్చి తిని వెళ్తారట అని చెప్పాను. తెరిచిన తలుపులోంచి గేటు కనపడుతోంది. గేటు దగ్గర ఆవిడ నిలబడి ఉంది. ఈసారి తిన్నగా మా వైపే చూస్తోంది.

"ఏమంటందే అది?" అంది పెద్దమ్మ.

కింద అక్షరాలేమీ పడలేదు. ఆవిడ ఏమీ అనలేదు. నేను మాత్రం అలవాటు కొద్దీ, పోనీ పెద్దమ్మని నవ్విద్దామని, నోటికొచ్చింది అనేశాను.

"ఆకలేస్తోంది, నాక్కూడా పెట్టండి అంటోంది."

అన్న క్షణమే నాలుక కరుచుకున్నాను. పెద్దమ్మ నవ్వలేదు. టీ గ్లాసు కింద పెట్టి, చాలాసేపు తన అరచేతుల్లోకి చూసుకుంటూ కూర్చుంది. ఆ పూట అన్నం తినలేదు. మర్నాడు పొద్దున్నే లేచి తలస్నానం చేసి వచ్చి, దానికి కూడు పెట్టాలి, నన్ను హంసలదీవి తీసుకెళ్ళు అంది. ఇన్నేళ్ళూ ఆకలితో తిరుగుతోందట. బతికే ఉందని మొండికేసి, పిడికెడు మెతుకులు కూడా పెట్టనివ్వలేదట తను.

పెదనాన్న వల్ల కానిది, ఊరంతా చెప్పినా కానిది, నేను వేళాకోళానికి అన్న ఒక్క ముక్కతో అయిపోయింది. దాదాపు యాభై ఏళ్ళు పెద్దమ్మ బతికించుకున్న పిల్లని నేను సోఫాలో కూర్చుని చంపేశాను. ఆ మాట చెప్పుకుని ఆఫీసులో ఏడ్చాను. పక్క సీటు అమ్మాయి ఊరుకోక్కా అంటూ ఫోన్‌లో ఆ ఎపిసోడ్ తీసింది. ఇద్దరం చూశాం. తద్దినం ఉంది, తలుపు ఉంది, గేటు ఉంది. గేటు దగ్గర ఆవిడ కూడా ఉంది, కానీ అటు తిరిగి ఉంది. వీపు, కత్తిరించిన జుట్టు, అంతే. ఆ సీను అయ్యేదాకా ఒక్కసారి కూడా ఇటు తిరగలేదు. మొహం ఎక్కడుందక్కా అంది ఆ అమ్మాయి. మూడుసార్లు వెనక్కి తిప్పించాను. నేను చూశాను. చిన్న నుదురు, కింది పెదవి కొరుక్కుంటూ నిలబడ్డ మొహం, నాకు ఇప్పుడు కూడా కళ్ళకి కట్టినట్టే ఉంది. నాలుగోసారి అడిగితే ఆ అమ్మాయే ఫోన్ ఆపేసింది.

పెద్దమ్మకి నిజం చెప్పాలి. చెప్పాలని నాలుగు రోజులు నోరు తెరిచి మూశాను. చెబితే పిల్ల మళ్ళీ బతుకుతుందా, లేక నన్ను జన్మలో క్షమించదా? తేల్చుకోలేకపోయాను. ఐదో రోజు పెద్దమ్మ అన్నం, ముద్దపప్పు, నెయ్యి, బెల్లం ముక్కతో స్టీలు క్యారేజీ సర్దింది. కోడూరు దాకా బస్సు, అక్కడినుంచి ఆటో. దారి పొడుగునా నేను చేల వైపు చూస్తూనే కూర్చున్నాను.

సాగర సంగమం దగ్గర ఆ పొద్దున జనం లేరు. ఎండగానే ఉంది, గాలి మాత్రం లేదు. కృష్ణ నీళ్ళూ సముద్రం నీళ్ళూ కలిసేచోట రంగు తేడా గీత గీసినట్టు కనపడుతోంది. అక్కడ కర్మలు చేయించే పంతులుగారు సంగతి విని, ఆరేళ్ళ పిల్లకి ఈ కర్మలేవీ ఉండవమ్మా అన్నారు.

"ఆరేళ్ళేంటండీ," అంది పెద్దమ్మ. "యాభై నాలుగు నిండినయ్యి."

పంతులుగారు నావైపు చూశారు. నేను తల దించుకున్నాను. ఆయన రెండు దర్భలు చేతికిచ్చి, మీ తృప్తి కోసం నీళ్ళు వదిలి అన్నం పెట్టుకోండమ్మా అని చెప్పి దూరంగా వెళ్ళి నిలబడ్డారు.

పెద్దమ్మ అరిటాకు పరిచి అన్నం కలుపుతోంది. ఇంక ఆగలేకపోయాను. పక్కన కూలబడి, పెద్దమ్మా, ఆవిడ ఏమీ అనలేదు, ఆ మాట నేను కల్పించి చెప్పాను, నన్ను కొట్టు అన్నాను.

"తెలుసులే," అంది అన్నం కలపడం ఆపకుండా. "అది అటు తిరిగే ఉంది గదా. కళ్ళు బాగుచేయించింది నువ్వే."

"మరి నాకు మొహం కనిపించింది పెద్దమ్మా."

అప్పుడు చెయ్యి ఆపి నన్ను చూసింది. ఎట్టా ఉంది అని అడిగింది. నుదురు సంగతీ పెదవి సంగతీ చెప్పాను. విని, ముద్దలు చేసి ఆకులో పెట్టింది. ఆకు తీసుకుని నీళ్ళలోకి దిగి వదిలింది, నేనూ వెంట దిగాను. అల వచ్చింది, ఆకు కింద దూరి వెనక్కి పోయింది. ఆకు కదల్లేదు. ఇంకో అల వచ్చింది. కదల్లేదు. మోకాలి లోతు నీళ్ళలో నిలబడి పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"అదేమంటందో చెప్పు."

నేను చెప్పనన్నాను. ఈ పాపం నాచేత చేయించకు పెద్దమ్మా అన్నాను, కోపంగానే అన్నాను. ఇన్ని రోజులు ఊళ్ళో వాళ్ళందరి మాటలూ చెప్పావు, దీనిది ఒక్కటి చెప్పలేవా అంది. ఆ గొంతులో బతిమాలడం లేదు. అడగడమే ఉంది. కాదనలేకపోయాను. తిన్నానమ్మా, కడుపు నిండింది, అంతవరకే అందామనుకున్నాను. గొంతు మార్చకుండా, మామూలుగా అందామనుకున్నాను.

"కడుపు నిండిందమ్మా," అన్నాను. నోరు మూసుకోబోయాను. మూతపడలేదు. "చెట్టు మీద నా చెయ్యి వదిలింది నువ్వు కాదమ్మా. నేనే వదిలేశా."

ఏ చెట్టు? ఏ చెయ్యి? మా ఇంట్లో ఎవరూ ఏనాడూ చెట్టు మాట చెప్పలేదు. ఇంటి కప్పు కూలి నిద్రలో పోయిందనే కదా మేమందరం వింటూ పెరిగింది. పెద్దమ్మ వేళ్ళు నా మణికట్టు మీద బిగుసుకున్నాయి, నొప్పి పుట్టేంతగా. అల వచ్చి ఆకుని ఎత్తుకుపోయింది. పెద్దమ్మ నావైపు తిరగలేదు. ఆకు వెళ్తున్న వైపే చూస్తూ, చిన్నపిల్లకి చెప్పినట్టు మెల్లగా చెప్పింది.

"నేనే వదిలేశాననుకున్నానే తల్లీ, ఇన్నాళ్ళూ."