నరసింహస్వామి దీపం, ఏసురత్నం గారి బ్యాటరీ

ఛార్జింగ్‌లో ఉన్న బ్యాటరీకి ఒక వాసన ఉంటుంది. మామిడికాయలు తరిగిన కత్తిని కడగకుండా వదిలేస్తే మర్నాడు వచ్చే పులుపు, దానికి కాస్త తుప్పు కలిపినట్టు. మొన్న చిట్టమూరు దగ్గర ఒక రొయ్యల గుంట గట్టు మీద సోలార్ పంపు గది తలుపు తీయగానే ఆ వాసన గుప్పున కొట్టింది. నాతో వచ్చినవాళ్ళు దగ్గుతూ వెనక్కి తగ్గారు. నేను మాత్రం గుమ్మంలోనే నిలబడి, వాళ్ళు కంగారు పడేంతసేపు పీల్చుకున్నాను. ఇందుకూరుపేటలో బ్యాటరీ కొట్టు నడిపిన ఏసురత్నం గారు గుర్తొచ్చారు.

ఆయన గురించి చెప్పాల్సింది ఒక మహాగాథ. అందులో అకాల మరణం ఉంది, ఒక స్త్రీ చేసిన ప్రతిజ్ఞ ఉంది, సాక్షాత్తూ నరసింహస్వామి ఉన్నాడు, నమ్మకద్రోహం ఉంది, బంగాళాఖాతంలో తుఫాను కూడా ఉంది. ఇలా మొదలుపెట్టి ఇలాగే నడిపించాలని నాకూ సరదాగానే ఉంది. కానీ ఆ తుఫాను మా వైపు నాలుగు వానలు విసిరేసి ఎటో వెళ్ళిపోయింది. ప్రతిజ్ఞ గోరంత బల్బు గురించి. ద్రోహిని నేనే. ఇవన్నీ తీసేస్తే మిగిలేది ఒక బ్యాటరీ. అదీ పాతది.

మా మేనత్త పద్మావతి భర్త, అంటే మా మామయ్య, ఒక పాత మినీబస్సు కొని దాన్ని ఇల్లుగా మార్చాడు. సినిమావాళ్ళ క్యారవాన్‌కి ఇది ఏ మాత్రం తీసిపోదని అందరికీ చెప్పేవాడు. సినిమావాళ్ళెవరూ అటు రాకపోవడం వల్ల ఆ మాట నిలబడింది. లోపల ఇద్దరికి సరిపోయే మంచం, గ్యాస్ పొయ్యి, గిన్నెలు కడిగే తొట్టి, రెండు చిన్న ఫ్యాన్లు. డ్రైవరు సీటు ముందు పెంచలకోన నరసింహస్వామి పటం, దాని కింద ఎర్ర దీపం. వైర్లన్నీ మామయ్యే బిగించాడు. దీపాన్ని మాత్రం నేరుగా బ్యాటరీకి కలిపేశాడు, బండి తాళం తీసేసినా వెలుగుతూనే ఉండేలా. ఎందుకని అడిగితే, "స్వామికి తాళమేందే" అన్నాడు. ఇద్దరూ ఆ బండిలో రెండుసార్లు ఊళ్ళు తిరిగొచ్చారు. మూడోసారి బియ్యం, పప్పులు డబ్బాల్లో పోసి సర్దుకుంటుండగా మామయ్య గుండె ఆగింది.

బండి మైపాడు దారిలో, మామయ్య రొయ్యల గుంట పక్కనున్న రేకుల షెడ్డులో నిలిచిపోయింది. గుంట కౌలుకు పోయింది. కరెంటు లైను అవతలి గట్టు మీద ఉంది, షెడ్డుకు రాదు. అత్తయ్య బండిని అమ్మలేదు, నడపనివ్వలేదు. శనివారం శనివారం నడిచి వెళ్ళి పటానికి పూలు పెట్టి, దీపం వెలుగుతోందని చూసుకుని వచ్చేది. "ఆయన వెలిగించి పోయినాడు. నేను ఆరనియ్యను" అంది. ప్రతిజ్ఞ అన్నాను చూడండి, అది ఇదే. చింతపండు నానబెడుతూ చేసింది.

రెండు నెలలకు దీపం మసకబారింది. అత్తయ్య నాకు ఫోన్ చేసింది. ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివి ఇంట్లో ఉన్నదాన్ని నేనే కాబట్టి నన్ను పిలవడంలో న్యాయముంది. నేను వెళ్ళి, బానెట్ ఎత్తి, చాలాసేపు గంభీరంగా చూశాను. ఇంజను నడిపితే బ్యాటరీ దానంతటదే ఛార్జ్ అవుతుందని తేల్చి తాళం తిప్పాను. బండి నాలుగుసార్లు మూలిగి ఊరుకుంది. బ్యాటరీలో మిగిలిన కాస్త ఓపికనూ ఆ మూలుగులు తినేశాయి. ఎర్రగా ఉండాల్సిన దీపం వక్కపొడి రంగుకు దిగింది.

అత్తయ్య దీపం వంక చూసి, నా వంక చూసింది. "నాలుగేళ్ళు ఇదేనా చదివినావు సుధా?"

నేను స్కూటర్ మీద ఇందుకూరుపేట పరిగెత్తాను. ఏసురత్నం గారి కొట్టు అక్కడి రోడ్డు మీదే ఉండేది. రేకుల కప్పు, గోడకు చర్చి క్యాలెండరు, కింద వరసగా బడి పిల్లల్లా కూర్చున్న బ్యాటరీలు, ఒక్కోదాని మీద సుద్దముక్కతో సొంతదారు పేరు. ఆయనకు అప్పుడే అరవై దాటాయి. చొక్కా నిండా యాసిడ్ పడి చిల్లులు. ఆదివారం చర్చిలో సంఘ పెద్దగా తెల్లచొక్కా వేసుకునేవారు, దానికీ ఒకటి రెండు ఉండేవి. నేను చెప్పిందంతా విని, "తాళం ఎన్ని తూర్లు తిప్పినావు?" అని అడిగారు.

"నాలుగు."

"మూడోసారి ఏమొస్తాదని తిప్పినావు పాపా?"



ఆయన ఛార్జ్ చేసిన బ్యాటరీ ఒకటి మోపెడ్ మీద పెట్టుకుని వచ్చారు. బండి ఎక్కే ముందు చెప్పులు విడిచారు. మీ దేవుడు కాదు గదండీ అని నేను వేళాకోళమాడాను. "దేవుడి సంగతి కాదమ్మా. ఇది ఆమె ఇల్లు గదా. మంచముంది, పొయ్యి ఉంది. ఇంట్లోకి చెప్పులేసుకుని పోతామా?" అన్నారు. అప్పటిదాకా ఆ బస్సును ఇల్లు అన్నది మామయ్య ఒక్కడే. అత్తయ్య ఆయన్ని ఒకసారి తేరిపార చూసి, మంచినీళ్ళు తేవడానికని కౌలుదారు గుడిసె వైపు వెళ్ళింది.

ఆమె అటు వెళ్ళగానే ఏసురత్నం గారు వైరు వెంబడి వేలు నడిపించి దీపం దగ్గర ఆపారు. "తాగతా ఉండేది ఇదే. నిలబెట్టిన బండి నిద్రపోతుందనుకుంటారు అందరూ. బ్యాటరీకి నిద్రుండదు. ఊరికే పెట్టినా కొంచెం కొంచెం పోతానే ఉంటాది. దానికి తోడు ఇది రేయింబగళ్ళు పీలుస్తా ఉంది. మామూలుగా అయితే మైనస్ వైరు పీకి పక్కన పెట్టమంటా."

"పీకేద్దాం. అత్తయ్య అటు తిరిగినప్పుడు పీకి, శనివారం పొద్దున్నే నేనొచ్చి మళ్ళీ పెడతాను" అన్నాను. ఇంజనీరింగ్ పరంగా నిర్దుష్టమైన పథకం.

ఆయన వైరు వదిలేసి ఆగారు. అత్తయ్య చెంబుతో వచ్చాక ఆమెనే అడిగారు. దీపానికి వేరే చిన్న బ్యాటరీ, పైన అరచేతంత సోలార్ పలక పెడితే ఈ బాధ ఉండదు, పెట్టనిస్తావా అమ్మా అని. అత్తయ్య తల అడ్డంగా ఊపింది. "ఆయన బిగించిన వైరన్నా. కదిలించబాకండి."

"సరే" అన్నారు. అంతే. బతిమాలలేదు, విడమరచి చెప్పలేదు. తర్వాత రెండు పొడవాటి కేబుళ్ళతో తాను తెచ్చిన బ్యాటరీని పాతదానికి జతగా తగిలించి, అది దీపాన్ని మోస్తోందని చూసుకుని, అప్పుడు పాతదాన్ని మెల్లగా తప్పించారు. దీపం ఒక్కసారి కూడా రెప్ప వేయలేదు. గుండె ఆపరేషన్ చేసే డాక్టర్లు ఇంత జాగ్రత్తగా ఉంటారో లేదో తెలియదు. వాళ్ళకు మా అత్తయ్య చెంబు పట్టుకుని పక్కన నిలబడదు కదా.

ఆ తర్వాత పదిహేను రోజులకొకసారి ఆయన వచ్చేవారు, నేను వెంట ఉండేదాన్ని. ఉద్యోగం వచ్చేదాకా ఉబుసుపోతుందని మొదలుపెట్టి, మెల్లగా పని నేర్చుకున్నాను. రబ్బరు బుడ్డి ఉన్న గాజు గొట్టంతో బ్యాటరీ ఒక్కో గదిలోంచి యాసిడ్ పీల్చి, లోపల తేలే పుల్ల మీది అంకె చూడాలి; అంకె తగ్గేకొద్దీ ఛార్జింగ్ తగ్గినట్టు. దాన్ని సుద్దతో షెడ్డు తలుపు మీద రాయాలి. పన్నెండొందల కిందికి దిగకుండా బ్యాటరీ మార్చాలి. కొట్టులో ఛార్జింగ్ పెడితే తొందర పెట్టకూడదు. గంటలో అయిపోయేలా పెట్టొచ్చు కదా అని అడిగాను ఒకసారి. "వారం పస్తున్నోడికి బిర్యానీ పెడతావా? ముందు గంజి పొయ్యాల" అన్నారు. ఆరు గదుల్లో ఐదు చూసి ఆరోది కూడా అంతే ఉంటుందిలే అని నేను మూత పెట్టబోతే నా చేతి మీద గొట్టంతో తట్టేవారు. "ఆరోది నీకు చెప్పిందా అట్టని?"

వానలు మొదలయ్యాక గట్టు జారుతోందని, తన మోకాళ్ళు ఒప్పుకోవడం లేదని, ఆ నెలలు నన్నే చూడమన్నారు. సుద్దముక్క నా చేతిలో పెట్టారు. నేను అంకె చూసి తలుపు మీద రాసి ఫోన్‌లో చెబితే, మార్చాల్సినప్పుడు ఎవరినైనా తోడు తీసుకుని వస్తానన్నారు. పట్టాభిషేకం అంటే ఇంతకన్నా ఏముంటుంది. మొదటిసారి వెళ్ళి శ్రద్ధగా ఆరూ చూశాను. ఇంతలో సముద్రంలో తుఫాను అన్నారు, వాన పట్టుకుంది. రెండోసారి బురదలో షెడ్డు దాకా వెళ్ళాను. అద్దంలోంచి చూస్తే దీపం ఎర్రగా వెలుగుతోంది. షెడ్డు రేకుల్లోంచి వాన కారుతోంది, బానెట్ ఎత్తాలంటే గొడుగు నేల మీద పెట్టాలి. గొడుగు పట్టుకునే తలుపు మీద పన్నెండొందల ఇరవై అని రాసి, అదే ఫోన్‌లో చెప్పాను. మూడోసారి కూడా అంతే. వరసగా ఒకే అంకె బాగుండదని పన్నెండొందల పదిహేను అన్నాను. అబద్ధంలో కూడా సహజత్వం ఉండాలని నా పట్టుదల.

ఆ శనివారం అత్తయ్య పూలు తీసుకుని వెళ్ళేసరికి దీపం ఆరిపోయి ఉంది.

ఆమె నాకు ఫోన్ చేయలేదు, ఏసురత్నం గారికి చేసింది. ఆయన చెబితే నేను పరిగెత్తుకు వెళ్ళాను. అత్తయ్య బండి మెట్టు మీద కూర్చుని ఉంది, పూల పొట్లం విప్పకుండా ఒళ్ళో పెట్టుకుని. మామయ్య పోయిన రోజు వచ్చిన జనానికి కాఫీలు పెడుతూ తిరిగిన మనిషి, ఆ రోజు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కూర్చుంది. ఏసురత్నం గారు బురద కాళ్ళతో కింద నిలబడి ఉన్నారు. తలుపు మీది నా అంకెలు ఆయన అప్పటికే చదివేశారు. గొట్టంతో ఆరు గదులూ చూసేశారు కూడా. తేలాల్సిన పుల్ల అడుగున పడుకుని ఉందట.

నేను నోరు తెరిచాను. ఏదో జోకు వస్తుందని ఎదురు చూశాను. రాలేదు.

"నాదే తప్పమ్మా" అన్నారు ఆయన అత్తయ్యతో. "వానని బద్దకించినా. నేనొచ్చి చూసుకోవాల్సింది, చూసుకోలా."

అత్తయ్య పూల పొట్లం పక్కన మెట్టు మీద పెట్టింది. తర్వాత, "మోకాళ్ళ నొప్పులు పెట్టుకుని ఈ బురదలో ఎట్టా వస్తావులే అన్నా" అంది.

బ్యాటరీని మోపెడ్ దాకా మోసుకొస్తూ ఆయన్ని అడిగాను, అలా ఎందుకు చెప్పారని. ఆయన తాడు బిగిస్తూ, "నీ పేరు చెప్తే ఏమవతాది? ఒక్కరోజే ఆమెకు దీపమూ పోతాది, మేనకోడలూ పోతాది. నేను బయటోణ్ణి. నా మీద కోపమొస్తే ఇంకో కొట్టు చూసుకుంటాది" అన్నారు.

"మరి నన్నేమీ అనరా?"

"సుద్దముక్క నీ చేతికిచ్చింది నేనే గదా" అని మోపెడ్ ఎక్కి వెళ్ళిపోయారు. తిట్టి ఉంటే నాలుగు రోజుల్లో మర్చిపోయేదాన్ని.

ఆ బ్యాటరీ ఇక లేవలేదు. కొట్టులో పది రోజులు గంజి పోసినట్టు ఛార్జింగ్ పెట్టి చూశారు. ప్లేట్ల మీద తెల్లటి పొర పట్టేసింది, అయిపోయింది అన్నారు. పదకొండో రోజు స్కూటర్ బ్యాటరీ ఒకటి, అరచేతంత సోలార్ పలక ఒకటి తీసుకుని మళ్ళీ షెడ్డుకు వచ్చారు. ఈసారి అత్తయ్య వద్దనలేదు. మామయ్య బిగించిన వైరును ఆయన కోయలేదు. చుట్టచుట్టి పటం వెనకాలే దాచి, పక్కన కొత్త వైరు లాగి, మధ్యలో ఒక చిన్న స్విచ్చి పెట్టారు. అంతా అయ్యాక నేను చొరవగా చెయ్యి చాచబోతే మోచేత్తో నన్ను పక్కకు జరిపారు.

"నువ్వెయ్యమ్మా" అన్నారు అత్తయ్యతో.

అత్తయ్య చెయ్యి చీరకు తుడుచుకుంది. స్విచ్చి మీద వేలు పెట్టి కాసేపు అలాగే ఉంది. ఆ తర్వాత వేసింది. దీపం వెలిగింది. నేను బయటికి చూస్తున్నట్టు అటు తిరిగాను. వెనక నుంచి అత్తయ్య గొంతు వినిపించింది: "ఎలుగు మరీ ఎక్కువైంది. కొంచెం తగ్గించేదానికి లేదా అన్నా?"

లేదన్నారు. ఆ వేసవిలో కొత్త బ్యాటరీ వేయించి, నన్ను డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి, అత్తయ్య ఆ బండిలో పెంచలకోన వెళ్ళింది. దారి పొడవునా నా డ్రైవింగ్‌ను మామయ్య డ్రైవింగ్‌తో పోల్చింది. అక్కడ మంచం మీద పడుకుని రెండు ఫ్యాన్లూ తనవైపే తిప్పుకుంది. అసలు సంగతి ఆమెకు చెప్పడానికి నాకు ఇంకో రెండేళ్ళు పట్టింది. మునగాకు దూస్తూ వింది. "తెలుసులేవే. తలుపు మీద రెండంకె ఆయన అట్టా రాయడు" అని, దూసిన ఆకు నా వైపు తోసి పుల్లలు ఏరమంది.

ఇంతసేపూ అన్నారు, చేశారు అని రాస్తున్నాను కాబట్టి ఏసురత్నం గారు పోయారని మీరు నిట్టూర్చి ఉంటారు. లేదు. కొట్టు మూసేసి బుచ్చిరెడ్డిపాలెంలో కూతురి దగ్గర ఉంటున్నారు. క్రిస్మస్‌కి ఫోన్ చేస్తే, జీతం ఎంతని కాక, చేతులు యాసిడ్‌కు కాలుతున్నాయా అని అడుగుతారు. నేనిప్పుడు నెల్లూరు నుంచి సోలార్ పంపులు చూసుకునే పనిలో ఉన్నాను. మా తనిఖీ కాగితాల్లో ప్రతి గడిలో అంకె ఉండాలి. వెళ్ళలేనిచోట నేను 'చూడలేదు' అని రాస్తాను. మా మేనేజరు గారికి ఆ మాట అస్సలు నచ్చదు. ఏదో ఒకటి వేసేయండి మేడమ్, మొన్నటిదే వేసేయండి అంటారు. చిట్టమూరు పంపు గదిలో ఆ రోజు ఇరవై నాలుగు బ్యాటరీలున్నాయి. ఇరవై మూడు చూసేసరికి చీకటి పడుతోంది, నాతో వచ్చినవాళ్ళు జీపులో కూర్చుని హారన్ కొడుతున్నారు. ఇరవై నాలుగోది కూడా మూత తీసి చూశాను. అంకె మామూలుగానే ఉంది, నీళ్ళు కాస్త తగ్గాయి. అన్నట్టు, బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ నిండుగా పోయాల్సింది ఛార్జింగ్ పూర్తయ్యాక. ముందే పోస్తే పొంగి మూతల్లోంచి కారుతుంది.