గణపతిరావు చేతికి తప్ప తెరుచుకోని ల్యాప్‌టాప్

గణపతిరావుకి రైలు బ్రేకులు బాగుచెయ్యడం వచ్చు గానీ తన నోటికి బ్రేకు వెయ్యడం రాదని ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో అందరూ అనేవారు. అబద్ధాలకోరు కాదు పాపం. ఉన్నదాన్ని కాస్త ఉబ్బించి చెప్పకపోతే తిన్నది అరగదు, అంతే.

అలాంటివాడు తొంభై ఎనిమిదిలో కలకత్తా వెళ్ళి ఫుట్‌పాత్ మీద ఒక పాత ల్యాప్‌టాప్ కొనుక్కొచ్చాడు. తెర వెలిగితే చాలనుకుని మురిసిపోయి సంచీలో పడేసుకున్నాడు. ఇంటికొచ్చి స్విచ్చి నొక్కితే నల్లటి తెర మీద ఒకటే మాట, పాస్‌వర్డ్ చెప్పమని. పాత యజమాని ఎవరో గుమ్మానికే తాళం వేసి పోయాడు. గణపతిరావు తన వర్క్‌షాపు హాజరు టోకెన్ నంబరు కొట్టాడు. సింహాద్రి అప్పన్న పేరు కొట్టాడు. అది బీప్‌మని మొండికేసింది.

సరిగ్గా అప్పుడే పక్క క్వార్టరు సమూయేలు తొంగిచూశాడు. "ఏటి గణపతీ, తెరుసుకోదా?"

ఉన్నమాట చెప్పేస్తే పోయేది. నోరు ఊరుకుంటేనా! "నా సేతికి తప్ప ఇంకెవుల సేతికీ తెరుసుకోదురా. అలాగ కట్టుదిట్టం సేసినాను. విశ్వకర్మ పూజ మర్నాడు అందర్నీ తీసుకురా, సూపిత్తాను."

ఆ మాట సాయంత్రానికల్లా న్యూ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీ అంతా పాకింది. గణపతిరావు భార్య అనసూయ రైల్వే ఆఫీసులో టైపిస్టు. విని పకపకా నవ్వింది. "ఎవుల సేతికీ తెరుసుకోదన్నది నిజమేనండీ. మీదీ సెయ్యే కదా!"

అతనికి నవ్వు రాలేదు. అది తెరుచుకోకపోతే రిటైరయ్యేదాకా వర్క్‌షాపులో తల ఎత్తుకోలేడు. భయంతో అన్నం కూడా సహించడం మానేసింది.

పూజ ముందురోజు వర్క్‌షాపులో ప్రతి పనిముట్టునీ విప్పి, తుడిచి, బొట్టుపెట్టి దేవుడి ముందు పెడతారు. పూజ ముగిసి తెల్లవారేదాకా దాన్ని ఎవరూ ముట్టరు. దిక్కుతోచని గణపతిరావు ఇంట్లోనూ అదే ఆచారం పాటించాడు. మూసివున్న యంత్రంలో దేవుడికి ఏం కనిపిస్తుందని స్క్రూలన్నీ విప్పి, పెద్ద బ్యాటరీనీ, లోపల దాక్కున్న బిళ్ళలాంటి బుల్లి బ్యాటరీనీ పీకి, ఇత్తడి పళ్ళెంలో వరసగా పేర్చి కుంకం పెట్టాడు.

అనసూయ గుండెలు బాదుకుంది. "అది రైలుడబ్బా అనుకున్నారేటండీ, విప్పి పారేసినారు!"

పూజ మర్నాడు అన్నీ యథాస్థానంలో బిగించాడు. సమూయేలు పటాలంతో దిగాడు. గణపతిరావు చొక్కా తడిసిపోయింది. కళ్ళు మూసుకుని స్విచ్చి నొక్కాడు.

తెర పాస్‌వర్డ్ అడగలేదు! ఆ తాళం జ్ఞాపకమంతా బుల్లి బ్యాటరీ చలవతోనే నిలిచి ఉండేది. అది పళ్ళెంలో కూర్చున్న వేళలో యంత్రం పాత యజమానిని శుభ్రంగా మరిచిపోయింది. తారీకు కూడా మరిచిపోయి, సరిచెయ్యమని ఇంగ్లీషులో ఏదో అడుగుతోంది.

"సూసినారా, నా సెయ్యి పడగానే ఎలాగ దారికొచ్చిందో!" అన్నాడు గణపతిరావు మీసం దువ్వుతూ.

"కొంచెం జరగండి" అని అనసూయ కూర్చుంది. ఇంగ్లీషంతా చదివి తారీకు సరిచేసింది. ఇంకేదో టకటకా కొట్టి, యంత్రం ఆపేసి లేచింది. "మళ్ళీ తెరిసి సూపించండి."

అతను దర్జాగా నొక్కాడు. పాస్‌వర్డ్ అంది తెర.

గణపతిరావు మొహం పాలిపోయింది. భార్య చెవి దగ్గరికి వంగి, "ఏటే, ఏటి కొట్టినావు?" అని గొణిగాడు.

"మీ సేతికి తప్ప తెరుసుకోదు కదండీ?" అంది అనసూయ అందరికీ వినపడేలా. "ముందు నిజం సెప్పండి. తరవాత నాను తెరుస్తాను."

గణపతిరావు సమూయేలు వైపు చూశాడు, పళ్ళెం వైపు చూశాడు. "ఆ రోజు నా సేతికీ తెరుసుకోలేదురా" అన్నాడు చివరికి.

సమూయేలు నవ్వాపుకోలేక గోడకి ఆనుకున్నాడు. అనసూయ మాట నిలబెట్టుకుని తెరిచింది గానీ, ఆ పాస్‌వర్డ్ మాత్రం ఎన్నడూ మొగుడికి చెప్పలేదు. చుట్టాలకి ల్యాప్‌టాప్ చూపించాలన్నప్పుడల్లా గణపతిరావు వంటింటి గుమ్మం దగ్గర నిలబడి, ఆమె చేతులు తుడుచుకుని వచ్చేదాకా కాచుకునేవాడు.