పెద్ద పన్నా విమానం

మా అన్న చనిపోయి ఏడు నెలలైంది. ఆ చావులో నా చేయి ఉంది. నేను రాసిన నాలుగు పేజీల కాగితం ఇప్పటికీ ఆఫీసు ఫైల్లోనే ఉంది.

దాజీ పేట్‌లో మాది రెండు గదుల ఇల్లు. అన్న పవర్‌లూమ్ షెడ్డులో చద్దర్లు నేసేవాడు. వదిన వాకిట్లో చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టేది. నన్ను చదివించింది వాళ్లిద్దరే. ఆ చదువుతో నేను సోలాపూర్ దాటలేదు. అన్న పనిచేసే కంపెనీలోనే ఆఫీసులో కూర్చుని, తువ్వాళ్లు కొనే విదేశీయులకు ఇంగ్లిష్‌లో ఉత్తరాలు రాస్తాను. యజమాని మావాడే. వాళ్ల తాత కూడా మా తాతలాగే తెలంగాణ నుంచి మగ్గం పనికి వచ్చినవాడు. షెడ్డులో అందరూ ఆయన్ను మాలక్ అంటారు. నేనూ అంటాను. ఆయన నన్ను మరాఠీలో భావూ అంటాడు, తమ్ముడూ అని.

మూడేళ్ల కిందట ఒకరోజు నన్ను తన గదిలోకి పిలిచాడు.

"భావూ, సొంత ఇమానం తీసుకుంటున్న. ముంబయి వాళ్లు మూడు చూపించిన్రు. ఈ కాగితాలన్నీ నాతోని కాదు. నువ్వు చదివి, నా తిరుగుడుకు ఏది సరిపోతదో రాసియ్యి."

"నేను బస్సు తప్ప ఏదీ ఎక్కలేదు మాలక్."

"ఇంక మంచిది. ఎక్కినోడైతే కిటికీ పక్క సీటు గురించి రాస్తడు."

కాగితాలు ఇంటికి తెచ్చుకున్నాను. మొదటిది ముందు పంఖా ఉన్న చిన్న విమానం. ఆరుగురు పడతారు, పొట్టి రన్‌వే మీద కూడా దిగుతుంది. రెండోది మధ్యరకం జెట్. మూడోది పెద్ద జెట్. ఎక్కడా ఆగకుండా యూరప్ చేరుతుంది, లోపల మంచం ఉంటుంది.

మాలక్ రెండేళ్ల ప్రయాణాల జాబితా తీశాను. ముంబయి, హైదరాబాద్, సూరత్, ఢిల్లీ, మళ్లీ ముంబయి. దాదాపు అన్నీ గంట, రెండు గంటల ప్రయాణాలే. జర్మనీలో బట్టల ప్రదర్శనకు మాత్రం ఏడాదికొకసారి వెళ్లేవాడు. విమానాలు అమ్మే మనిషి ఫోన్లో నిజమే చెప్పాడు. ఎక్కువసార్లు చేసే ప్రయాణానికి తగినది కొనండి, ఏడాదికొకసారి పోయేచోటికి టికెట్ కొనుక్కోండి అన్నాడు. ఆ మాట రాసుకున్నాను కూడా. కానీ సరుకు అమ్మేవాడు చెప్పే మంచిని నమ్మకూడదని పేట్‌లో పెరిగిన అందరికీ నేర్పుతారు.

ఆ సాయంత్రం అన్నం తింటూ అన్నను అడిగాను.

"ఇమానమా? నన్నడుగుతవేందిరా తమ్మీ? మగ్గమైతే చెప్త."

"మగ్గమే అనుకో. మూడు సైజులున్నయి. ఏది తీసుకోవాలె?"

"గంతే గదా! పెద్ద పన్నాది తీసుకోవాలె." పన్నా అంటే బట్ట వెడల్పు. "పెద్ద మగ్గం మీద చిన్న తువ్వాల నేస్తవు. చిన్నదాని మీద డబుల్ చద్దర్ నేస్తవా? పెద్ద ఆర్డర్ ఏడాదికి ఒక్కటొచ్చినా సరే, మగ్గం దానికి తగ్గట్టే ఉండాలె."

వదిన లోపలినుంచి అంది: "మీ అన్న ఇంక ఇమానాలు నేస్తడు. బీడీలు చుట్టే ఇమానం ఏదన్న ఉంటే నాకు జెప్పు."

ముగ్గురం నవ్వుకున్నాం. మర్నాడు అన్న మాటనే మంచి ఇంగ్లిష్‌లో రాశాను. పెద్దది చిన్న పని చేయగలదు, చిన్నది పెద్ద పని చేయలేదు. చదువుకున్నవాణ్ని కనక దానికి ఒక పట్టిక గీశాను. ఆ పట్టికలో రన్‌వే గడి ఉంది. మూడో విమానం బరువుకు మా ఊరి రన్‌వే తగదని అమ్మేవాళ్ల పైలట్ చెప్పాడు. అదీ రాశాను. పక్కన ఇంకో ముక్క చేర్చాను: పుణెలో ఉంచవచ్చు, కారులో నాలుగున్నర గంటలు, ఇబ్బంది ఉండదు. ఎవరికి ఇబ్బంది ఉండదో రాయలేదు.

మాలక్ పట్టిక ఉన్న చివరి పేజీ మాత్రమే చదివాడు. "పంఖాలదైతే జనం టేబుల్ ఫ్యాన్ కొన్నడంటరు. నీ లెక్క బరాబర్ ఉంది భావూ." పెద్దదే కొన్నాడు.

దసరా ముందురోజు, ఖండే నవమినాడు, మా దగ్గర మగ్గాలన్నీ ఆపి, కడిగి, బొట్టు పెట్టి పూజ చేస్తారు. ఆ ఏడు విమానానికీ పూజ చేయాలన్నాడు మాలక్. అది సోలాపూర్‌కు రాలేదు కాబట్టి ఫోటోకు చట్రం కట్టించి మొదటి మగ్గం మీద నిలబెట్టారు. పసుపు, కుంకుమ, బంతిపూల దండ. పోయినవాళ్ల ఫోటోలా ఉందని ఎవరో అంటే నవ్వారు. కొబ్బరికాయ కొట్టాక మాలక్ మైకు పట్టుకున్నాడు.

"ఇది నా ఒక్కనిది కాదు. ఈ షెడ్డుల ఎవ్వరికి పానం మీదికొచ్చినా ఇది వాళ్లది."

అందరూ చప్పట్లు కొట్టారు. అన్న అందరికంటే ఎక్కువసేపు కొట్టాడు. ఇంటికొచ్చి వదినకు ఆ మాట రెండుసార్లు చెప్పాడు.

మొన్న చలికాలం, ఒక పొద్దున, మగ్గం దగ్గరే అన్న ఛాతీ పట్టుకుని కూలబడ్డాడు. ఆస్పత్రిలో చూసి, గుండె నుంచి వచ్చే పెద్ద నాళం చీలిందన్నారు. ఆపరేషన్‌కు హైదరాబాద్ తీసుకుపోవాలి, అక్కడివాళ్లతో మాట్లాడాం, తొందరగా చేరితే ఆశ ఉంది అన్నారు. రోడ్డు మీద ఆరు గంటలు. మాలక్‌కు ఫోన్ చేశాను.

"అయ్యో భావూ. కానీ ఇమానం పుణెల ఉంది. ఈడికి రాదు గదా. నువ్వే రాసిస్తివి."

మంచి అంబులెన్స్ పంపిస్తానన్నాడు. పంపించాడు కూడా.

హైదరాబాద్ దారిలో, నల్దుర్గ్ దాటాక అన్న కళ్లు తెరిచాడు. మాస్కు పక్కకు జరుపుకుని అడిగాడు.

"ఇమానం రాలేదారా?"

"మన ఊర్ల దిగదన్నా. పెద్దది."

"పెద్దదే తీసుకున్నడు గదా." ముఖంలో సంతోషం కనిపించింది. "మంచి పని చేసిండు."

ఉమర్గా చేరకముందే పోయాడు. అంబులెన్స్ అక్కడే వెనక్కి తిరిగింది. వదిన ఆయన కాళ్ల మీద చేతులు వేసుకుని సోలాపూర్ వచ్చేదాకా అలాగే కూర్చుంది.

పదోరోజు మాలక్ ఇంటికి వచ్చాడు. చాప మీద కూర్చున్నాడు, చాయ్ తాగాడు. పోయేముందు బయట చెప్పులు వేసుకుంటూ, నా భుజం మీద చెయ్యి వేశాడు.

"చిన్నది తీసుకోని ఉంటే ఆ రోజు పంపుతుంటి భావూ. ఒట్టు."

అప్పటినుంచి ఆ మాటతోనే బతుకుతున్నాను. చిన్నది కొని ఉంటే, ఆ పొద్దున అది సూరత్‌లోనో ఢిల్లీలోనో ఉందనేవాడేమో. పైలట్ సెలవులో ఉన్నాడనేవాడేమో. ఏదో ఒక అబద్ధం వెతుక్కోవాల్సి వచ్చేది, అది అబద్ధమని నేను పట్టుకునేవాణ్ని. ఆ అవసరం లేకుండా చేసింది నా కాగితం. అంతకు రెండేళ్ల ముందే, సంతకంతో, ఆయనకొక నిజమైన జవాబు రాసిచ్చాను. లేక నిజంగానే పంపేవాడేమో. అప్పుడు అన్న బతికి ఉండేవాడు. ఈ రెంటిలో ఏది నిజమో తెలుసుకునే దారి లేదు. మాలక్‌కు దానివల్ల నష్టం లేదు.

ఆయన వెళ్లాక వదిన నన్ను అడిగింది.

"బయట ఏమన్నడు?"

చెప్పాను.

ఆమె చేతిలో తునికాకు ఉంది. దాన్ని కత్తిరించడం ఆపలేదు. "నమ్మినవా?"

"తెల్వదు వదినా."

"నమ్మకు. నమ్మితే మీ అన్నను నువ్వే చంపినట్టయితది. నాకు ఇంట్ల ఇంకో మగ దిక్కు లేదు."

సరేనన్నాను. రోజూ ఆఫీసుకు పోయి ఉత్తరాలు రాస్తున్నాను. వదిన మళ్లీ ఆ సంగతి ఎత్తలేదు. నేను నమ్మలేదనే అనుకుంటోంది. నేను నమ్ముతున్నాను.