ముర్సిని బొటనవేలు, మార్కెట్ వారి వెబ్‌సైట్

బు ముర్సినికి మనుషుల మొహాలు తెలియవు, పిక్కలు తెలుసు. కాలు మీద చెయ్యి వేసిందంటే ఆ మనిషి పొద్దున్నుంచి ఎంత దూరం నడిచాడో, ఇంట్లో ఎవరితో పోట్లాడి వచ్చాడో, చెప్పులు కొత్తవో పాతవో చెప్పేస్తుంది. ఐదో ఏట జ్వరమొచ్చి చూపు పోయింది. పదహారో ఏట అంధుల బడిలో మాలిష్ నేర్చుకుంది. రిక్షా తొక్కే మనిషి ఒకడు మొదటి గిరాకీగా వస్తే, ఆ పిక్కలు పట్టి చూసి, నచ్చి, అతన్నే పెళ్ళి చేసుకుంది. ఇప్పుడాయన రిక్షా మానేసి ఇంట్లో వంట చూసుకుంటున్నాడు. పిక్కలు మాత్రం చెక్కు చెదరలేదని ఆవిడ నలుగురిలో చెబుతుంది, ఆయన సిగ్గుపడి చస్తాడు.

జావా నడిబొడ్డున ఉన్న మా ఊళ్ళో పెద్దావిడని బు అనీ, పెద్దాయన్ని పాక్ అనీ, అన్నలాంటివాణ్ణి మాస్ అనీ, అక్కలాంటిదాన్ని యు అనీ పిలుస్తాం. ఈ ఊళ్ళో సారి మాక్మూర్ మార్కెట్ తెలియనివాళ్ళు లేరు. ఆ మార్కెట్ మెట్ల కింద, బాతిక్ గుడ్డల కొట్లకీ ఎండుచేపల వరసకీ మధ్య, ఇరవై రెండేళ్ళు ఆమె చాప పరుచుకుంది. తర్వాత మార్కెట్ పడగొట్టి కొత్తది కట్టారు. దాని కింది అంతస్తులో మాలిష్ చేసేవాళ్ళ కోసమని ఎనిమిది గదులు వేశారు. తలుపున్న గదులు, ఫ్యాన్లున్న గదులు, లోపలే కొళాయి ఉన్న గదులు. ఆ కొళాయి గురించి ముర్సిని వారం రోజులు మాట్లాడింది. చాప మీదనుంచి లేవకుండా చేతుల నూనె కడుక్కోవచ్చునట.

గది కావాలన్నా కొట్టు కావాలన్నా మార్కెట్ల ఆఫీసు వెబ్‌సైట్‌లో దరఖాస్తు నింపాలి. పాత మార్కెట్లో దళారులు తలా పది పేర్లు రాయించి కొట్లన్నీ మింగేశారు కనుక, ఈసారి ఎవరి ఫోన్‌లో వాళ్ళే, ఎవరి వేలితో వాళ్ళే నింపాలన్నారు. ఒకరికి ఇంకొకరు సాయం చేసినట్టు తేలితే ఇద్దరి పేర్లూ కొట్టేస్తారు. కాగితాలు పుచ్చుకోరు. వచ్చే నెల మొదటి గురువారం, పొద్దున తొమ్మిదింటికి మొదలు. ముందొచ్చినవాళ్ళకి ముందు. గది దొరక్కపోతే ముర్సిని బస్‌స్టాండులో, ఇంజన్ల పొగ మధ్య చాప వేసుకోవాలి.

ముర్సిని ఫోన్‌లో ఒక గొంతు ఉంటుంది. తెర మీద ఏముంటే అది చదువుతుంది, వేలు జరిపితే తర్వాతిది చదువుతుంది. ఆ గొంతుతోనే ఆమె బస్సు వేళలు కనుక్కుంటుంది, దయ్యాల కథలు వింటుంది. అంత తెలివైన గొంతూ మార్కెట్ వాళ్ళ పేజీ తెరవగానే మతి పోయినట్టు మాట్లాడింది. "బటన్. బటన్. బటన్. చిత్రం, బు వినార్తి ప్రారంభోత్సవం ఫైనల్ రెండు. బటన్."

ఆ బటన్లేమిటో, ఏది నొక్కితే ఏమవుతుందో దేవుడికే తెలియాలి.

అలాగని ఆఫీసువాళ్ళు ఊరికే కూర్చోలేదు. చూపు లేనివాళ్ళతో పరీక్ష చేయించాలని పైనుంచి ఉత్తరువు వచ్చింది. ఆ పేజీ తయారు చేసింది మాస్ ప్రసోజో, ముప్పై రెండేళ్ళ నెమ్మదస్తుడు. ఊళ్ళో మాలిష్ చేసే ఆరుగురు అంధుల్ని ఆఫీసు హాలుకి పిలిచాడు. తలా ఒక పెట్టె ఇచ్చాడు. అందులో అరిటాకులో చుట్టిన లెంపెర్ అన్నం, ఒక అరటిపండు. టీ తనే పోశాడు. పక్కనే ఆఫీసు పెద్ద బు వినార్తి కూర్చుంది.

"మొహమాటం వద్దు. ఎలా ఉందో ఉన్నదున్నట్టు చెప్పండి" అన్నాడు ప్రసోజో.

అప్పటికి ఆరు ఫోన్లూ అరగంట నుంచి బటన్ బటన్ అని జపం చేస్తున్నాయి.

"బాగుంది మాస్" అంది ముర్సిని.

"చాలా బాగుంది" అన్నాడు వాళ్ళలో పెద్దవాడు పాక్ తుకిరాన్. "గొంతు స్పష్టంగా ఉంది. ఒక్క అక్షరం పోలేదు."

ఆ గొంతు ఆయన ఫోన్‌దే. మిగతా నలుగురూ కూడా బాగుందన్నారు. ఆరుగురూ వేలిముద్ర వేశారు. సాయంత్రానికల్లా "అంధులకు అనుకూలం" అన్న పత్రం పటం కట్టించి గోడకి తగిలించారు.

కషాయాలమ్మే యు పర్మి ఈ సంగతి విని, బుట్ట దింపకుండానే వచ్చి నిలదీసింది.

"అయితే గది నీదే అన్నమాట."

"ఎక్కడ యు, మొదటి గడే దాటలేదు."

"మరి బాగుందన్నావట?"

"ఏమనమంటావు? టీ తనే పోశాడు. చక్కెర ఎంత వెయ్యమంటారని కూడా అడిగాడు. పక్కన వాళ్ళ పెద్దావిడ. ఆవిడ ముందర నీ పని బాగాలేదని ఎలా అనను?"

"నువ్వనలేదు, సరే. తుకిరాన్ అనొచ్చుగా."

"నేనంటానని ఆయన చూశాట్ట."

"ఆ మిగతా నలుగురో?"

"ఆయనంటాడని."

పర్మికి నవ్వాగలేదు. బుట్టలో సీసాలు గలగలలాడాయి. "ఆరు లెంపెర్లకి ఆరు గదులు వదులుకున్నారన్నమాట. పోనీ రుచిగానన్నా ఉందా?"

"ఉప్పు తక్కువ" అంది ముర్సిని. "అదీ చెప్పలేదు."

"ఆ గురువారం తొమ్మిదింటికి నా కొట్టు దరఖాస్తు నేను నింపుకోవాలి, లేకపోతే పేర్లు కొట్టేస్తే కొట్టేశారని నీదీ నేనే నొక్కేదాన్ని. నీ మొగుణ్ణి అడుగుదామంటే ఆయన ఫోన్ తలకిందులుగా పట్టుకుంటాడాయె."

ముర్సిని నవ్వింది కానీ, ఆ పూట ఎవరి భుజం పట్టినా చెయ్యి బరువుగానే పడింది.

మర్నాడు, కొట్లు పంచేదాకా అందరూ సర్దుకున్న రేకుల షెడ్డులో, ఆమె చాప దగ్గరికి ప్రసోజో స్వయంగా వచ్చాడు. పత్రం వచ్చిన సంతోషంలో పిక్కలు పట్టించుకుందామని. ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి బోర్లా పడుకున్నాడు.

"గురువారం మీరే ముందు నింపాలి బు. మీ గది కొళాయిలో మొదట చెయ్యి కడుక్కునేది నేను."

మంచివాడు. అదే వచ్చింది చిక్కు. ముర్సిని ఫోన్ పీట మీద పెట్టి ఆ పేజీ తెరిచింది. ఒక చేత్తో పిక్క పడుతూ రెండో చేత్తో జరుపుతూ పోయింది.

"బటన్" అంది ఫోన్.

ఆమె బొటనవేలు దానంతట అదే, మడమకి జానెడు పైన, నరం మీద దిగింది.

"అబ్బా" అన్నాడు ప్రసోజో.

"నొప్పా మాస్?"

"కాస్త."

"బటన్" అంది ఫోన్. వేలు మళ్ళీ దిగింది. "బటన్." మళ్ళీ. "చిత్రం, బు వినార్తి ప్రారంభోత్సవం ఫైనల్ రెండు." ఈసారి చాప అంచు ప్రసోజో పళ్ళ మధ్యకి వచ్చింది.

తొమ్మిదో బటన్‌కి అతను తల తిప్పి అడిగాడు. "బు, ఆ బటన్లు బాగాలేవా?"

"బాగున్నాయి మాస్, ముత్యాల్లా ఉన్నాయి" అంటూ ముర్సిని నొక్కింది.

అతను మొహం చాపలో దాచుకున్నాడు. తర్వాత వీపు అదరడం మొదలైంది. ఏడుస్తున్నాడేమోనని ఆమె కంగారుపడి తడిమి చూస్తే, నవ్వు.

"ఆగండి బు, ఆగకండి" అన్నాడు. "జేబులో పుస్తకం ఉంది, తీసుకోనివ్వండి. మళ్ళీ మొదటినుంచి."

ఆ వారమే రెండో పరీక్ష జరిగింది. ఈసారి హాల్లో కాదు, షెడ్డులో. ప్రసోజో చాప మీద బోర్లా పడి, గడ్డం కింద పుస్తకం పెట్టుకుని, చేతిలో పెన్ను పట్టుకున్నాడు. ఎడమ పిక్క ముర్సినిది, కుడి పిక్క తుకిరాన్‌ది, భుజాలూ పాదాలూ మిగతా నలుగురూ పంచుకున్నారు. ఆరు ఫోన్లు ఒకేసారి చదువుతున్నాయి. ఎవరి పేజీ ఎక్కడ చిక్కుకుంటే అక్కడ వాళ్ళ వేలు దిగుతుంది. నోటితో ఎవరూ ఒక్క చెడ్డమాట అనలేదు.

"ఆహా, ఎంత ముచ్చటగా ఉందీ. సైకిలున్న బొమ్మలు ఏరమంటోంది" అన్నాడు తుకిరాన్, కుడి పిక్కలో సగం దాకా వెళ్తూ.

"సైకిల్ బొమ్మలు తీసెయ్యాలి" అని రాసుకున్నాడు ప్రసోజో, ఊపిరి బిగబట్టి.

"మూడు నిమిషాలు కాగానే నింపిందంతా తుడిచేసింది. ఎంత శుభ్రం" అంది ముర్సిని.

"అరగంట ఇవ్వాలి. మెల్లగా బు, మెల్లగా."

పర్మి బుట్ట పక్కన పెట్టి, చూడ్డానికే నిలబడిపోయింది. ఎండుచేపల వాళ్ళు గిరాకీ వదిలేసి వచ్చారు. ఎవరో "అబ్బా"లు లెక్కపెట్టడం మొదలెట్టారు. ముప్పై దాటాక ప్రసోజో పెన్ను ఉన్నట్టుండి ఆగిపోయింది.

ముప్పై ఒకటో తప్పు ఆ చిత్రం. పేజీ నెత్తిమీద ఐదు సెకన్లకోసారి అదే తిరుగుతుంది, తిరిగిన ప్రతిసారీ చదివే గొంతుని జుట్టు పట్టుకుని మళ్ళీ పైకి లాక్కుపోతుంది. అది బు వినార్తి రిబ్బను కత్తిరించే ఫొటో, దాని ఫైలుకి పెట్టిన పేరే గొంతు చదివేది. తీసెయ్యమని ఆవిడకి చెప్పాలంటే ప్రసోజోకీ నోరు రాదు. అతనూ ఈ ఊరివాడే కదా.

సరిగ్గా అప్పుడే బు వినార్తి అతన్ని వెతుక్కుంటూ షెడ్డులోకి వచ్చింది.

"ఏమిటిది మాస్ ప్రసోజో, ఆఫీసు వేళలో?"

"పరీక్ష జరుగుతోంది బు" అన్నాడతను, ఆరు చేతుల కిందనుంచి. తర్వాత ఎంతో వినయంగా, "పొద్దున్నుంచి నిలబడే ఉన్నారు. కాస్త కూర్చోండి. బు ముర్సిని మీ పాదం చూస్తారు" అన్నాడు.

ముర్సినికి ఇంకేమీ చెప్పనక్కర్లేకపోయింది. పీట జరిపి, ఆవిడ పాదం ఒళ్ళోకి తీసుకుని, ఫోన్ గొంతు పెంచింది.

"చిత్రం, బు వినార్తి ప్రారంభోత్సవం ఫైనల్ రెండు."

"అమ్మా" అంది వినార్తి.

"ఎంత బాగుంటుందో బు ఈ చిత్రం" అంది ముర్సిని. "మళ్ళీ వస్తుంది చూడండి."

వచ్చింది. వేలూ వచ్చింది. మళ్ళీ వచ్చింది. ఐదోసారికి ఆవిడ కుర్చీ చెయ్యి పట్టుకుంది.

"ఇది ఎన్నిసార్లొస్తుంది?"

"మీరున్నంతసేపూ వస్తుంది బు."

"మాస్, దాన్ని తీసెయ్యండి."

"తీసెయ్యమంటారా? జనం బాధపడతారేమో" అన్నాడు ప్రసోజో.

"జనం సంగతి తర్వాత, ఇక్కడ నేను పడుతున్నాను. పేజీ కిందెక్కడో పెట్టండి, కదలకుండా. ఆ ఫైనల్ రెండేమిటి, సరిగ్గా రాయండి."

ఏం రాయాలని అందరూ ఆలోచనలో పడ్డారు. "ఆవిడ నవ్వుతున్నారా లేదా, అది రాస్తే మాకు చాలు" అన్నాడు తుకిరాన్.

"నవ్వుతున్నారనే రాద్దాం" అన్నాడు ప్రసోజో.

"నవ్వట్లేదు" అంది వినార్తి నిట్టూర్చి. "ఆ రోజు కొత్త చెప్పులు కరిచాయి."

"తెలుసు బు, మడమ ఇంకా చెబుతోంది" అంది ముర్సిని. షెడ్డంతా ఘొల్లుమంది. వినార్తి అందరికంటే ఆలస్యంగా మొదలుపెట్టి, అందరికంటే ఆలస్యంగా ఆపింది. వెళ్ళేముందు ఆఫీసు గోడ మీద పటం దింపించమని తనే చెప్పింది. తప్పులన్నీ దిద్దాక మళ్ళీ తగిలించుకోవచ్చునంది.

ప్రసోజో మూడు వారాలు కిందా మీదా పడి దిద్దాడు. బటన్లకి పేర్లొచ్చాయి. సైకిళ్ళు పోయాయి.

గురువారం తొమ్మిదింటికి మార్కెట్ మొత్తం ఫోన్ల మీదికి వంగింది. పర్మి తన బుట్ట మీద కూర్చుని పెదాలు కదుపుతూ నింపుతోంది. ప్రసోజోకి ఆఫీసులో కాలు నిలవలేదు. ముర్సిని చాప దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు.

"ఎలా ఉంది బు?"

"బాగుంది మాస్."

ఆ మాటకి అర్థం లేదని అతనికి ఇప్పుడు తెలుసు. చటుక్కున ప్యాంటు మడిచి బోర్లా పడుకున్నాడు. "చెయ్యి ఇక్కడ పెట్టి నింపండి" అన్నాడు.

ముర్సిని ఎడమ చెయ్యి అతని పిక్క మీద వేసి, కుడిచేత్తో ఫోన్ జరిపింది. "మీ పేరు రాయండి" అంది గొంతు. ఆమె రాసింది. పిక్క మీది వేలు కదల్లేదు. "గుర్తింపు కార్డు సంఖ్య." కదల్లేదు. "మీరు చేసే పని." కదల్లేదు. ప్రసోజో చెమటతో తడిసిపోయాడు. ఇరవై రెండేళ్ళకి పైగా మనుషుల్ని నొప్పిపెట్టి బాగుచేసిన వేలు, పిక్క మీద పిట్టలా వాలి ఉంది. "పంపించు, బటన్" అంది గొంతు. ఆమె తాకింది. గొంతు ఏదో అంది, షెడ్డు బయట ఎవరో దగ్గిన దగ్గులో అది ప్రసోజోకి వినిపించలేదు.

బొటనవేలు నరం మీద ఎముక దాకా దిగింది.

"అయ్యో" అని ప్రసోజో లేచి కూర్చున్నాడు. "ఏమైంది బు? ఎక్కడ ఆగింది? ఇప్పుడే దిద్దుతాను, చెప్పండి."

"ఎక్కడా ఆగలేదు" అంది ముర్సిని. నవ్వుతో మాట సగమే బయటికొస్తోంది. "మూడో గది ఇచ్చారు మాస్. సంతోషమొస్తే కూడా వేలు నొక్కేస్తుందని నాకూ ఇప్పుడే తెలిసింది."