పసుపు తీగ మీద పిలుపు

"ఒసే, ఉన్నావేటి?"

"ఉన్నాను, ఎల్లిరా."

మా ఆయనకూ నాకూ మధ్య నడిచిన ఆఖరి మాటలివి. మొన్న మా అబ్బాయి మొదటి డ్యూటీకి పోతూ వాకిట్లో బండి ఆపి, అచ్చం తండ్రి గొంతుతో, "అమ్మా, ఉన్నావేటి?" అని పిలిస్తే, పొయ్యి దగ్గరున్న నేను పలకలేదు. నాకు సంతకం మట్టుకే వచ్చు కాబట్టి ఇదంతా మా కోడలి చేత రాయిస్తున్నాను.

మా ఆయన మాంగనీసు కరిగించే ఫ్యాక్టరీలో సెన్సార్లు చూసేవారు. ఒకసారి పారేసిన పసుపు కేబులు ముక్క తెచ్చి పెరట్లో దండెం కడుతూ, బట్టలు పిండుతున్న నాకు తన పనంతా చెప్పారు. కొలిమి వేడిని కనిపెట్టేది, నీళ్ల వాల్వు తిప్పేది, అన్నీ అలాంటి ఒక్క తీగకే వేలాడతాయట, తనంతట తానుగా ఏదీ నోరు విప్పకూడదట, మాస్టరు అనే పెట్టె ఒక్కోదాన్నీ నంబరు పెట్టి పిలుస్తుంటే పిలిచినదే పలకాలట, పలకనిది పోయినట్టే లెక్కట. అప్పట్నుంచీ ఆయనకదో సరదా, పెరట్లో ఉన్నా గట్టు మీద ఉన్నా పిలవడం, నేను పలకడం. గజపతినగరం నుంచి మా ఆడపడుచు వచ్చినప్పుడల్లా, మీ ఇద్దరికీ ఏరే పని లేదేటే అని వెక్కిరించేది.

ఇంకో మాట కూడా చెప్పారు, అదే నన్ను వదలడం లేదు. ఒకటి చెడిపోతే దాని చోట కొత్తది తగిలిస్తే చాలట, మాస్టరు ఆ పాత నంబరే దీనికిస్తుందట, మరుక్షణం అదే పలుకుతుందట, పాతది పోయిన సంగతి తీగ మీద మిగతావాటికి తెలియనే తెలియదట.

"మరి పాతదాన్నేటి సేస్తారు?" అన్నాను.

"తుక్కులో పడేస్తారే, ఏటి సేస్తారు," అని నవ్వేశారు.

నేను ఎల్లిరా అన్న ఆ పూటే, డ్యూటీలో ఆయన గుండె ఆగిపోయింది. ఆయన చోట మా అబ్బాయినే వేశారు. ఆ పిలుపూ వాడే అందుకున్నాడు. పలికితే ఆయన నంబరు నా చేత్తో నేనే తీసి వాడికిచ్చేసినట్టుంటుంది. పలక్కపోతే ఏమవుతుందో మొన్ననే చూశాను, నాకేమైపోయిందోనని చెప్పులతోనే వంటింట్లోకి పరుగెత్తుకొచ్చాడు. నిన్న పిలవకుండానే వెళ్లిపోయాడు.

మా రోజుల్లో ఇంట్లో మనిషి ఉన్నదీ లేనిదీ గొంతే చెప్పేది, ఇప్పుడు ఆ పని ఫోను చేస్తోంది. దండెం మట్టుకు ఇంకా పసుపుగానే ఉంది, దాని కింద నుంచి నడిస్తే ఇప్పటికీ ఎవరో పిలవబోతున్నట్టే ఉంటుంది. రేపు వాడు పిలిస్తే పలుకుతాను. అంతకంటే ముందు ఒక పనుంది.

కోడలమ్మా, నువ్వు రాసింది మొదట్నుంచి ఒకపాలి సదువు. ఆయన మాట కాడ ఆగు. నా మాట నువ్వు సదవకు, నేనంటాను.