పచ్చి చెక్క మీద గీసిన ముఖాలు

తప్పు చేశానని చెప్పుకుందామన్నా వినే నాథుడు లేడు. ముందు ఆ సంగతి రాయనివ్వండి.

పోయిన క్రిస్మస్‌కు ముందు మా పాస్టరుగారి దగ్గరికి వెళ్లాను. చాలా ఏళ్లుగా ఒక బరువు మోస్తున్నానని, కాసేపు కూర్చుని వినమని అడిగాను. ఆయన చర్చి ముందు స్టారు కట్టిస్తున్నాడు. "దేవునికి అన్నీ తెలుసు అన్నా, ప్రార్థన చేసుకో. ఆ నిచ్చెన కొంచెం పట్టుకో," అన్నాడు. పట్టుకున్నాను. స్టారు కట్టడం అయిపోయింది, ఆయన వెళ్లిపోయాడు. ఇంటికొచ్చి నా భార్యతో మొదలుపెట్టాను. "ఆ పాత గొడవ ఇప్పుడెందుకు, కంచం ముందర కూసో," అంది. కూర్చున్నాను. నా బతుకంతా ఇంతే. నేను నోరు తెరిస్తే ఎవరో ఒకరు చేతికి నిచ్చెనో కంచమో ఇస్తారు.

అందుకే మీకు చెప్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. మధ్యలో లేచి వెళ్లిపోయినా నాకు కనబడదు. అదొక మేలు.

మాది మార్కాపురం. నేను బోర్డులు రాసేవాణ్ణి. దుకాణాల పేర్లు, డాక్టర్ల పేర్లు, లారీల వెనక దేవుళ్ల పేర్లు. ప్రతి బోర్డుకూ కింద కుడి మూలన, చిన్న అక్షరాల్లో, నా పేరు రాసి పక్కన ఆర్ట్స్ అని రాసేవాణ్ణి. మా వృత్తిలో అది ఆచారం. గిద్దలూరు దాకా బస్సులో కూర్చుని పోతే కిటికీలోంచి నా పేరు చదువుకుంటూ పోవచ్చు. తర్వాత ఫ్లెక్సీలు వచ్చాయి. పండగ ముందు నా వాకిట్లో కాచుకున్నవాళ్లే బజార్లో నన్ను చూసి పక్కకు తిరిగారు. ఒక బట్టల దుకాణం ఆయన నేను రాసిన బోర్డు పీకి మేకల కొట్టానికి తలకిందులుగా కప్పుకున్నాడు. ఎవరెవరు ఏం చేశారో నాకు గుర్తుంది. అది నా రోగం అంటుంది నా భార్య. కావచ్చు.

పక్కింటామెను సువార్త అని పిలుస్తాను. అది ఆమె పేరు కాదు. పెళ్లయి మా వీధికి వచ్చిన నాటి నుంచి నన్ను "అన్నా" అంటుంది. పలకల కార్ఖానాలో చట్రాలు బిగించే పని చేసేది. ఆ పని తగ్గిపోయాక, మిగిలిపోయిన చట్రం చెక్క ముక్కలు సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చింది. మా చర్చిలో క్రిస్మస్ చెట్టంటే ఇసుక పోసిన డబ్బాలో నిలబెట్టిన సరుగుడు కొమ్మ. దానికి కట్టడానికి బొమ్మలు చేద్దామని ఆమెకు తోచింది. ఆ ఊహ ఆమెదే. అది కాదనను.

చెక్కను సన్నరంపంతో నేను కోసేవాణ్ణి. నక్షత్రాలు, గంటలు, గొర్రెపిల్లలు, రెక్కల దూతలు. ఆమె ఉప్పుకాగితంతో రుద్ది, సుద్దపొడి జిగురులో కలిపి పూత వేసి, ఆరాక రంగులు వేసేది. ఆ మీదట దూతలకు ముఖాలు నేను గీసేవాణ్ణి. బోర్డులు రాసిన చెయ్యి కదా, ఒక్క విదిలింపుతో కన్ను వచ్చేది. చివరగా ఆమె వార్నిష్ కొట్టి వసారాలో దారానికి వేలాడదీసేది. వీధిలో పోయేవాళ్లు ఆగి చూసేవాళ్లు. ఏం చూసేవాళ్లు? కళ్లనే. ఆ కళ్లు నావి.

ఆ క్రిస్మస్‌కు ఆరాధన మధ్యలో పాస్టరుగారు సువార్తను లేచి నిలబడమన్నాడు. చెట్టు చూపించి, ఈ సోదరి చేతిపని చూడండి అన్నాడు. చప్పట్లు కొట్టారు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "అన్న కూడా ఉండాడు," అని నా వైపు చూపించింది. "అవునవును, అన్న చెక్క కోసిచ్చినాడు," అన్నాడు ఆయన. నేను సగం లేచాను. అప్పటికే పాట ఎత్తుకున్నారు. సగం లేచినవాడు మళ్లీ ఎలా కూర్చోవాలో మీకు తెలుసా? చాప సర్దుకుంటున్నట్టు నటించాలి.

ఆ బొమ్మల్ని ఎవరో ఫోటో తీశారు. అది తిరిగి తిరిగి విజయవాడలో ఒక దుకాణం దాకా పోయింది. మరుసటి ఏడు పెద్ద ఆర్డరు వచ్చింది. మా వీధిలో ఆడవాళ్లు ఇంకొందరు సువార్త వసారాలో చేరారు. దుకాణం మనిషి ఫోన్ చేసేది ఆమెకే. అప్పుడు నేను అడిగాను. బొమ్మల వెనక చిన్నగా నా పేరు రాసుకుంటానన్నాను. సిగ్గు విడిచి అడిగాను. ఆమె నవ్వింది.

"పేరుదేముందన్నా. ఇవేమన్నా బోర్డులా, మూలన పేరు రాసుకొనేదానికి? గొర్రెపిల్ల మీద నీ పేరుంటే, మందలోంచి తప్పిపోయిన నీ గొర్రె అనుకుంటారు!"

వసారా అంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆమె కుళ్లుతో అనలేదు. ఇప్పుడు ఆలోచిస్తే అది నిజం. కానీ బోర్డులు అనే మాట ఆమె నోట్లోంచి అంత తేలిగ్గా వచ్చింది. మేకల కొట్టం మీద తలకిందులుగా ఉన్న నా అక్షరాలు కళ్ల ముందు కదిలాయి. ఆ నవ్వు నేను ఇంటికి మోసుకుపోయాను. దాన్ని దాచుకున్నాను.

ఆర్డరు సగమయ్యేసరికి చట్రం చెక్క అయిపోయింది. కార్ఖానాలో ఇక ముక్కలు లేవన్నారు. చెక్క సంగతి తెలిసింది నాకే కదా, వెతుక్కుంటూ కొమరోలు వైపు వెళ్లాను. అక్కడొక రైతు పొలం గట్టు మీద పాలకొడిశ చెట్లు కొట్టించాడు. తెల్లగా, నునుపుగా ఉండే చెక్క. ఆరితే బొమ్మలకు అంతకన్నా మంచిది లేదు. ఆరితే. కోసిన ముక్కల్ని వంటింటి అటక మీద పేర్చి, ఒక వానాకాలమైనా పొగకు, గాలికి వదిలేయాలి. చెక్కలో తడి పోకముందే రెండువైపులా పూతపూసి మూసేస్తే, అది లోపల్లోపల కుంచించుకుపోయి ఒకనాటికి చీలుతుంది. ఈ సంగతి నాకు మా నాయన చెప్పాడు. ఆయన బండి చక్రాల వడ్రంగి.

అయినా తెచ్చాను. కోస్తుంటే పచ్చి చెక్క పాలు వేళ్లకంటుకున్నాయి. నూనెతో తుడుచుకున్నాను. పైపైన కాస్త ఎండ చూపించి, రుద్ది, సువార్త ముందు పెట్టాను. ఆమె ఒక నక్షత్రం తీసుకుంది. కొత్త చెక్క ఏది చేతికొచ్చినా ఆమె చేసే పని ఒకటుంది. ముక్కను చెంపకు ఆనించుకుంటుంది. ఆరిన చెక్క వెచ్చగా ఉంటుంది, పచ్చిది చల్లగా. అప్పుడూ ఆనించుకుంది.

"ఆరిందా అన్నా?"

"ఆరింది."

"బరువుగా ఉండాదే."

"పాలకొడిశ అట్లనే ఉంటాది. పలక చెక్క మాదిరి ఎందుకుంటాది?"

ఆమె నా ముఖంలోకి చూసింది. "నువ్వు చెప్తే సరే," అంది. పూత గిన్నె దగ్గరికి లాక్కుంది.

నేను దాచింది ఇదే. ఒక్క మాట. ఆరింది అన్న మాట.

ఎందుకన్నాను? ఇన్నేళ్లుగా ఈ ప్రశ్నను అటూ ఇటూ తిప్పుతూనే ఉన్నాను. ఆర్డరు తొందర అని చెప్పుకున్నాను. చెక్క నిలబడుతుందేమో అనుకున్నానని చెప్పుకున్నాను. అబద్ధం. వేళ్లకు పాలంటుకున్నవాడికి తెలియదా? మరి ఆమె పాడైపోవాలనుకున్నానా? అదీ పూర్తిగా నిజం కాదు. ఒకటో రెండో చీలుతాయి, అప్పుడు అందరూ రంగులూ నవ్వులూ వదిలేసి నా గడప దగ్గరికి వస్తారు, అన్నా, చెక్క సంగతి నీకే తెలుసు, ఏం చేద్దాం అని అడుగుతారని ఆశపడ్డాను. చెక్క కోసిచ్చేవాడు అంటే ఎవరో వాళ్లకు తెలియాలి అనుకున్నాను. నా విలువ వాళ్లకు తెలియడానికి వాళ్ల పని చెడిపోవాలని కోరుకున్నాను. ఇలా రాస్తే ఎంత చిన్నగా ఉందో చూడండి. మనసులో ఉన్నప్పుడు ఇంత చిన్నగా లేదు.

ఆ చెక్క మీద ముఖాలు కూడా నేనే గీశాను. అంతకుముందు గీసిన వాటికన్నా బాగా వచ్చాయి.

పెట్టెలు కట్టి పంపినప్పుడు అన్నీ మెరుస్తున్నాయి. క్రిస్మస్ దగ్గర పడే వేళకు దుకాణం మనిషి ఆ పెట్టెల్నే వెనక్కు తీసుకొచ్చి సువార్త వసారాలో దింపాడు. మూతలు తీశాడు. ఒకటో రెండో కాదు. నక్షత్రాల కొనలు విడిపోయాయి. రంగు పొట్టులా లేచింది. దూతల ముఖాలు నుదుటి నుంచి గడ్డం దాకా నిలువునా చీలి, ఒక కన్ను అటు, ఒక కన్ను ఇటు.

"ఏందమ్మా ఇది? నీళ్లు కలిపిన రంగేసినారా?" అన్నాడు ఆ మనిషి.

ఆడవాళ్లంతా అక్కడే ఉన్నారు. నేనూ ఉన్నాను. నోరు తెరవడానికి అంతకన్నా మంచి సమయం లేదు. తెరిచాను. "వార్నిష్ పల్చనైనట్టుంది," అన్నాను.

పచ్చి చెక్క తేవడం ఒక తప్పు. ఈ మాట ఇంకో తప్పు. మొదటిదానికైనా కారణాలు వెతుక్కోగలను. దీనికి లేవు. వార్నిష్ కొట్టింది ఆమె ఒక్కతే అని అక్కడ అందరికీ తెలుసు.

సువార్త నన్ను చూసింది. తర్వాత దుకాణం మనిషి వైపు తిరిగింది. "నాదే పొరపాటు సార్. ఈళ్లెవరికీ సంబంధం లేదు. అన్న చెక్క కోసిచ్చినాడు, అంతే," అంది.

అంతే. చెక్క కోసిచ్చినాడన్న మాట పాస్టరుగారి నోట్లో విన్నప్పుడు అవమానమైంది. ఆమె నోట్లో వింటే నేను నింద తప్పించుకుని బయటపడ్డాను. అదే మాట. నేను తలవంచుకుని ఇంట్లోకి పోయాను.

ఆడవాళ్లు ఆమె దగ్గరికి రావడం మానేశారు. కక్కుర్తికి వార్నిష్‌లో ఏదో కలిపిందని వీధిలో చాలాకాలం చెప్పుకున్నారు. నేను ఔననలేదు, కాదనలేదు. చీలిన దూతల్ని ఆమె నీళ్లు కాచే పొయ్యిలో పెట్టింది. చర్చి చెట్టుకు ఆ ఏడు నుంచి బజార్లో కొన్న ప్లాస్టిక్ బంతులు కడుతున్నారు. కుంచె పట్టిన ఆ చేతులు మిరప కోతలకు పోయాయి. ఇప్పటికీ పోతున్నాయి. ఆమె మళ్లీ ఒక్క చెక్క ముక్కకు రంగు వేయలేదు. నేను ఎన్నో క్రిస్మస్‌లు ఆ బంతుల కింద కూర్చుని పాటలు పాడాను.

ఇంకొకటి చెప్పాలి. సిగ్గుచేటైనదే, అయినా చెప్తాను. నేను గీసిన కళ్లకు ఆమె పేరు వచ్చింది. నా తప్పుకూ ఆమె పేరే వచ్చింది. ఇందులోనూ నన్ను లెక్కలోకి తీసుకోలేదే అని ఒక మూల నాకు కోపం. ఇంత చేసినవాడికి ఇంకా కోపమేంది అంటారా? అడగండి. నేనూ అడుగుతూనే ఉన్నాను. పేరు కోసం అంత గింజుకున్నవాణ్ణి దీని కింద మాత్రం పేరు రాయడం లేదు. అది కూడా చూసుకోండి.

పాస్టరుగారి దగ్గర నిచ్చెన పట్టుకున్న కొన్నాళ్లకు, ఎవరూ వినకపోతే చెప్పాల్సిన మనిషికే చెబుదామని సువార్త ఇంటికి పోయాను. పట్టపగలు. ఆమె గడప ముందు గోనె మీద కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తోంది. నిలబడే అంతా చెప్పాను. కొమరోలు, పాలు, ఆరింది అన్న మాట, వార్నిష్ మాట, అన్నీ. ఆమె చేతులు ఆగలేదు. నేను ఆపాక, "ఎండ ముదిరింది. నీడకొచ్చి కూసో అన్నా," అంది. లోపలికి పోయి చెంబుతో మంచినీళ్లు తెచ్చింది. తాగాను. మళ్లీ తొడిమలు తీయడం మొదలుపెట్టింది. తిట్టలేదు, ఏడవలేదు, పోనీలే అనలేదు. చివరికి నేనే లేచి వచ్చాను.

చెప్పాక గుండె కొంచెం తేలికైన మాట నిజం. ఇప్పుడు రాస్తుంటే ఇంకొంచెం. కానీ అది నా తేలిక, ఆమె ఇచ్చింది కాదు.

సువార్తా, ఇది నీకు ఎవరైనా చదివి వినిపిస్తారని రాస్తున్నాను. క్షమించమని అడగను. అడిగే ముఖం నాకు లేదు. ఒక్కటే అడుగుతాను. ఆ ముక్క చెంపకు ఆనించుకుని, నా ముఖంలోకి చూసి, నువ్వు చెప్తే సరే అన్నావు. నన్ను నమ్మి అన్నావా? లేక అది పచ్చిదని నీకు తెలిసే, నేను ఎంతవరకు దిగజారుతానో చూద్దామని అన్నావా? నమ్మి అన్నావంటే నేనేం చేశానో నాకు మొత్తంగా తెలియాలి. తెలిసే అన్నావంటే, ఇన్నేళ్లూ నన్ను ఒంటరిగా ఎందుకు మోయనిచ్చావో అది తెలియాలి. మంచినీళ్లు వద్దు. నీడ వద్దు. తొడిమలు తీయడం ఒక్కసారి ఆపు. నన్ను చూసి, జవాబు చెప్పు.