గిడ్డమ్మ వాటా పొగ

మా కోసిగి గిడ్డమ్మ రెండు రోజుల పాటు భూగోళం వేడెక్కకుండా ఆపింది. సరే, భూగోళమంతా అంటే కొంచెం ఎక్కువే అన్నాను. బస్టాండు పక్కన తన పొయ్యి మేరకైతే ఆపిన మాట నిజం.

ఇరవై ఎనిమిదేళ్లుగా ఆ పొయ్యి మీద, బొరుగులు తడిపి తాలింపు వేసే ఉగ్గాని, బజ్జీలు చేసి అమ్ముతోంది గిడ్డమ్మ. వానలు తప్పిన ఏడు మా జనం మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు వలస పోతారు. పొద్దున్నే బయలుదేరే ఆ కూలీల బండ్లన్నీ ఆమె దగ్గరే ఆగుతాయి. "జాగర్తగా పోయి రాండప్పా" అంటూ పొట్లానికో బజ్జీ ఎక్కువే వేస్తుంది.

ఈ ఏడు ఎవరో మైకు పట్టుకుని వచ్చి, పొగ వల్లే వానలు తప్పుతున్నాయని చెప్పి పోయారు. మరునాటి నుంచి పొయ్యి వెలగలేదు.

మూడో రోజు పొద్దున నేనూ, కర్నూలు కాలేజీలో చదివే నా మనవరాలు భువనా వెళ్లేసరికి, గిడ్డమ్మ చల్లారిన పొయ్యి ముందు కూర్చుని ఉంది.

"ఏం గిడ్డమ్మా, ఒంట్లో బాగలేదా?"

"బాగానే ఉండాదన్నా. మా వీధిలో పదకొండిండ్లకు తాళాలు పడినాయి. అంతా నా పొగతోనేనంట. వానల్ని తరిమింది నేనే, వాళ్లకు దారి బువ్వ కట్టిచ్చింది నేనేనా?"

నవ్వబోయి ఆగాను. ఆమె కళ్లు తడిగా ఉన్నాయి. రోజూ పొగకు తడిసే కళ్లే. ఆ రోజు పొగే లేదు.

ఇంతలో నరసన్న కుటుంబం ఎక్కిన బండి వచ్చి ఆగింది. నరసన్న దిగి, "ఏమక్కా, పొయ్యి ముట్టించలేదే! గుంటూరు దాకా కాలే కడుపుతోనే పోవాల్నా?" అన్నాడు. గిడ్డమ్మ ముఖం తిప్పుకుంది.

భువన ఊరుకోలేదు. పాత పేపరు పరిచి, గిడ్డమ్మ సంచిలోంచి బొరుగులు తీసి కుప్పలు పోసింది. "అవ్వా, పిడికిలి అంటే భూమిని వేడెక్కించే గ్యాసు ఒక టన్ననుకో. ఏడాదికి మన దేశం వాళ్లది తలసరి రెండు పిడికిళ్లు. అమెరికా వాళ్లది పద్నాలుగు. ఖతర్ వాళ్లది నలభైకి దగ్గర."

కాన్వెంటులో సిస్టర్లు నేర్పిన లెక్క నాకూ వచ్చు కదా! ఖతర్ కుప్పకు నేనో పది పిడికిళ్లు కలిపాను. భువన కళ్లురిమి తీసేసింది.

"తలసరి అంటే ఏందమ్మీ?" అంది గిడ్డమ్మ.

"దేశం మొత్తం పొగను తలా ఇంత అని సమంగా పంచితే వచ్చే వాటా అవ్వా."

"అంటే ఏసీ కార్లోళ్ల పొగ గూడా నా తల మీదికే వచ్చెనా?"

"లెక్కలో వస్తుంది."

"లెక్కలో వస్తే రానీ, కుప్పలో రానియ్యను!" అని గిడ్డమ్మ మన దేశపు కుప్ప ముందుకు జరిగింది. "నాకు కారుండాదా? లేదు. ఏసీ ఉండాదా? లేదు. ఇమానం యాడన్నా ఎక్కినానా?" అంటూ ఒక్కో మాటకు ఇన్నిన్ని బొరుగులు పక్కకు నెట్టింది. చివరకు అరచేతిలో నాలుగు బొరుగులు మిగిలాయి.

అప్పుడు గొంతు తగ్గించి అడిగింది. "మరి కట్టెల పొగో?"

"నువ్వు పొయ్యిలోకి తెచ్చే జాలి తుమ్మ కంప మళ్లీ చిగురిస్తే ఆ గ్యాసును తిరిగి పీల్చుకుంటుంది. ఆ పొగ నీ కళ్లకు చెడ్డది, నీ ఊపిరికి చెడ్డది. ఈ వీధికి తాళాలు పడింది మాత్రం నీ వల్ల కాదవ్వా."

గిడ్డమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని లేచింది.

"ఓ నరసన్నా! బండి ఆపమను, పది నిమిషాలు!"

అగ్గి రాజుకుంది. అమెరికానూ ఖతర్‌నూ ఒకే గిన్నెలో తడిపి, పిండి, తాలింపులో వేసింది. నరసన్న వాళ్లు వేడి పొట్లాలు ఒళ్లో పెట్టుకుని వెళ్లారు.

ఇదంతా రాసి నిన్న ఆమెకు చదివి వినిపించాను.

"అబద్ధాలు రాసేకి సిగ్గులేదా అన్నా నీకు? నేను యాపొద్దు పొయ్యి ఆర్పినా? ఏడ్చింది ఎవురు? అదును దాటినాక పడిన వానకు కట్టెలు తడిసి ఆ రెండు దినాలు అంటుకోలే, అంతే!"